ఎండుచేపలు తేవద్దు

2006 ఫిబ్రవరి 21, మంగళవారం

సంతలో గుడారం కొన్నాను. ఇద్దరికి సరిపోతుందని అమ్మేవాడు అన్నాడు. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునే మనుషులైతే సరిపోతుంది. రంగు ఆకుపచ్చ. నా రూమ్మేట్ క్రిస్టీనా దాన్ని హాస్టల్ గదిలో మా మంచాల మధ్య పరిచి, అందులో దూరి, "అక్కా, ఇది మన గదికన్నా బాగుంది. బావగారు రాకపోతే నేనొస్తా," అంది. గుంటూరు పిల్ల, నోటికి అడ్డు లేదు.

సౌదీలో ఈ అభా ఊరికి వచ్చి నాలుగేళ్ళయినా సౌదా కొండ మీది అడవిలో ఒక రాత్రి కూడా ఉండలేదు. ఆసుపత్రి బస్సులో పిక్నిక్‌కి వెళ్ళి పులిహోర తిని రావడమే. ఇప్పుడు పద్ధతిగా వెళ్ళాలని నిర్ణయించాను. నడక ఆరోగ్యానికి మంచిది.

ఫిబ్రవరి 22

నిన్నటిది చదివితే నవ్వొచ్చింది. నేను తప్ప ఎవరూ చూడని కాగితం మీద కూడా నడక, ఆరోగ్యం అని రాసుకున్నాను.

ఉన్నదున్నట్టు రాస్తాను. నాకు ముప్పై ఎనిమిది. పెళ్ళయి ఎనిమిదేళ్ళు. పిల్లల్లేరు. మొన్న డాక్టర్ సుల్తానా నా రిపోర్టులు చూసి, "ఇంకా టైముంది మణీ, కానీ వేస్ట్ చేసుకునేంత లేదు. ముందు ఇద్దరూ ఒకచోట ఉండండి," అంది. హైదరాబాదు మనిషి. చెప్పాల్సింది చెప్పేసి పక్క పేషెంటును పిలుస్తుంది.

కుదరనిది ఆ ఒకచోట ఉండటమే. మా ఆయన దూరాన యాన్బు రేవులో కాంట్రాక్టు టెక్నీషియన్, కంపెనీ క్యాంపులో గదికి ఆరుగురు. నేను ఇక్కడ నర్సుల హాస్టల్‌లో. మా గేటు దాటి మగ ఈగ కూడా రాదు. హోటల్లో గది అడిగితే పెళ్ళి కాగితం చూపమంటారు. మాది చర్చి ఇచ్చిన సర్టిఫికెట్, ముద్రల కోసం ఢిల్లీ పంపాం, ఏడాది దాటినా ఏజెంటు దగ్గరే ఉంది. మా ఇద్దరికీ ఒకే నెలలో సెలవు దొరికిందే లేదు. ఒకసారి జెద్దాలో షరఫియా పేటలో, ఆయన పెదనాన్న కొడుకు జాబేజ్ గదిలో మధ్యలో దుప్పటి కట్టుకుని ఉన్నాం. అవతల జాబేజ్ తెల్లవార్లూ దగ్గుతూనే ఉన్నాడు. మర్యాద కోసమే అనుకుంటాను.

అడవిలో ఎవరూ కాగితం అడగరు. కుటుంబాలు వస్తాయి, గుడారాలు వేసుకుంటాయి, పొద్దున తీసుకుపోతాయి. ఎవరైనా అడిగితే చూపడానికి పెళ్ళి ఫొటో ఉంది. అందులో ఆయనకు మీసం ఉంది, ఇప్పుడు లేదు. పెంచమనాలి.

మార్చి 2, గురువారం

క్రిస్టీనాను వెంటబెట్టుకుని స్థలం చూసి వచ్చాను. మా ఆసుపత్రి వ్యాన్ డ్రైవర్ ఖాజా తీసుకెళ్ళాడు. కొండ అంచుకు దగ్గరైతే గాలి ఎక్కువ, పల్లంలో అయితే నీళ్ళు నిలుస్తాయి. రోడ్డుకు కనపడకూడదు, మరీ లోపలికీ పోకూడదు. ఆ అడవి దూరం నుంచి మన సరుగుడు తోటలానే ఉంటుంది. దగ్గరికెళ్తే చెట్లు వంకర, వాసన వేరు, చాలావాటికి తలలు ఎండిపోయాయి. ఒక పెద్ద బండ వెనక చదునైన చోటు దొరికింది. అక్కడి నుంచి మేకల బాట ఒకటి కొండ అంచుదాకా పోతుంది.

ఖాజాది కడప. "కోతులుండాయి మేడం," అన్నాడు. "మన కోతులు గాదు, కుక్కంత ఉంటాయి. తినేది యాడ దాచినా పసిగడతాయి. వాసనొచ్చేది అసలు తేవద్దండి."

గురువారం దించి శుక్రవారం పొద్దున వచ్చి తీసుకెళ్తానన్నాడు. క్రిస్టీనా బండ మీద నిలబడి ఫొటోలు తీయించుకుంది.

మార్చి 5

ఆయన ఫోన్. పదహారున వస్తున్నాడు. ఆ తేదీయే ఎందుకో, బిడ్డ నిలవడానికి నెలలో సరైన రోజు అదేనని చెప్పాను. "ఊఁ" అన్నాడు. ఊరుకుంటే బాగుండదని కాబోలు, "ఎండుచేపలు తెత్తాను మణీ. జాబేజ్ ఊరి నుంచి తెచ్చాడు. సావిడాయలు, రొయ్యపొట్టు," అన్నాడు.

"ఎండుచేపలు తేవద్దు. అక్కడ కోతులుంటాయి."

"కోతులు చేపలు తింటాయా ఏంటి?"

"తినకపోయినా పాడుచేస్తాయి. తేవద్దండి."

"సర్లే."

సర్లే అన్నాడంటే తెస్తాడు.

మార్చి 18, శనివారం

వరుసగా రాస్తాను.

బస్సు గురువారం పొద్దున వచ్చింది. అంత దూరం కూర్చుని వచ్చిన మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మీసం పెంచాడు. వార్డెన్ ఫొటోనూ ఆయన్నీ మార్చి మార్చి చూసి నన్ను పంపింది. ఖాజా మమ్మల్ని బండ దగ్గర దించి వెళ్ళిపోయాడు. గుడారం ఇబ్బంది లేకుండా లేచింది. చీకటి పడేలోపు నడిచి వద్దామన్నాను. మేకల బాట వెంట అంచుదాకా వెళ్ళాం. మబ్బులు మాకన్నా కింద ఉన్నాయి. ఆయన ఏదో చెప్పబోయి మానేశాడు. రాత్రికి చలి ఎంత పడుతుందో, ఎన్ని దుప్పట్లు తెచ్చానో నేను చెప్పాను.

తిరిగి వచ్చేసరికి గుడారం ఒక పక్క నిలువునా చిరిగి ఉంది. చుట్టూ కోతుల మంద. జూలు ఉన్న పెద్ద మగది ఒకటి బండ మీద కూర్చుని రొయ్యపొట్టు పొట్లం విప్పుతోంది, ఆదివారం కానుక సంచి విప్పే సంఘపెద్దంత నిదానంగా.

"తెచ్చారు," అన్నాను.

"కొంచెమే," అన్నాడు.

ఖాళీ చేసి కోతులు వెళ్ళాక వాన. వానలో వడగళ్ళు. చిరిగిన గుడారంలో గొడుగు వేసుకుని కూర్చున్నాం. కొంచెం దూరంలో ఒక సౌదీ కుటుంబం పెద్ద పెద్ద గుడారాలు వేసుకుని ఉంది. వాళ్ళ ముసలాయన తడుస్తూ వచ్చి, మా అవస్థ చూసి, రమ్మని పట్టుబట్టాడు. కాదనడానికి మా దగ్గర సాకు లేదు. ఆడవాళ్ళ గుడారం ఇటు, మగవాళ్ళది అటు. నన్ను ఇటు తీసుకెళ్ళారు, ఆయన్ని అటు.

నాకు పొడిబట్టలు ఇచ్చారు. కహ్వా అనే వాళ్ళ కాఫీ పోశారు, ఖర్జూరాలు పెట్టారు. ముసలావిడ పిల్లలెంతమంది అని అడిగింది. లేరన్నాను. పెళ్ళయి ఎన్నేళ్ళంది. చెప్పాను. ఆవిడ నాలుక చప్పరించి, ఇంకో దిండు తెచ్చి నా తల కింద పెట్టింది. ఈ దేశంలో ఇంత మెత్తగా నేను ఎప్పుడూ పడుకోలేదు. మగవాళ్ళ గుడారంలోంచి మా ఆయన నవ్వు వినపడింది. ఆయనకు అరబ్బీ బాగా వచ్చు. ఆ నవ్వు నేను విని చాలా కాలమైంది.

ఫలితం: లేదు. కారణం: వాతావరణం.

మార్చి 19

ఫోన్ చేశాడు. కోతుల గురించి నవ్వుతాడనుకున్నాను.

"మణీ, నువ్వు పిలిత్తే వత్తాను. కానీ నన్ను డ్యూటీ చార్టులో వేసినట్టు వేశావు. ఆ రోజు కాకపోతే పిలుత్తావా నువ్వు?"

"కుదిరిన రోజునే కదండీ పిలుస్తాను."

"కుదిరేది నీకు. ఇక ఆ తేదీల లెక్క నాకు చెప్పకు. వింటుంటే సిగ్గేత్తంది."

చెప్పనని మాట ఇచ్చాను. లెక్క మానేస్తానని ఇవ్వలేదు.

మార్చి 21

గుడారం కుట్టాను. గడువు దాటిన సర్జికల్ సూది, దారం వార్డులో పారేస్తుంటే తెచ్చుకున్నాను. కుట్లు బాగా పడ్డాయి. మచ్చ మిగులుతుంది.

మార్చి 29

లెక్క వేశాను. ఏప్రిల్ 13, గురువారం.

ఏప్రిల్ 3

ఫోన్‌లో తేదీ మాత్రం చెప్పాను. కారణం చెప్పలేదు. లైను పోయిందనుకున్నాను.

"పదమూడా? నిజంగా ఆ రోజే అనుకున్నావా?"

"ఆ రోజే."

"నేనే అడుగుదామనుకున్నాను మణీ. నువ్వు ఒప్పుకోవేమోనని ఊరుకున్నాను. వత్తాను. తప్పకుండా వత్తాను."

గొంతులో సంతోషం తెలిసిపోతోంది. లెక్క తనే వేసుకున్నాడేమో. వేసుకుంటే మంచిదే, నేను మాట తప్పినట్టు కాదు. ప్రయాణానికి కంపెనీ ఉత్తరం రేపే అడుగుతాడట. చేపల మాట ఎత్తలేదు.

ఏప్రిల్ 10

ఈసారి బండ దగ్గర వద్దు. వేరే గుడారాలు లేని చోటు చూడమన్నాను ఖాజాను.

"మర్యాదస్తులు కనపడని చోటు కావాలి ఖాజా."

"మర్యాద లేనోళ్ళు మనకెందుకు మేడం?"

చెప్పే ఓపిక లేదు. రోడ్డు నుంచి ఇంకాస్త దూరంగా, బాట మొదలయ్యే చోట అనుకున్నాం. మూత బిగుతుగా ఉండే డబ్బాలు కొన్నాను. కోడివేపుడు చేస్తాను, వాసన రాకుండా రెండు సంచుల్లో కడతాను. వాన సూచన లేదు. దుప్పట్లు, టార్చి, అగ్గిపెట్టె, ఫ్లాస్కు, నీళ్ళు. అన్నీ సిద్ధం. నడక ఆరోగ్యానికి మంచిది.

ఏప్రిల్ 15, శనివారం

ఆయన తెల్లచొక్కాతో దిగాడు. దారిలో జెద్దా బస్టాండులో మార్చుకున్నాడట. సంచి తేలిగ్గా ఉంది. చేపలు లేవు.

గుడారం వేశాం. ఆకలితో ఉంటాడని కోడివేపుడు డబ్బా తీశాను. ఆయన డబ్బా వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"నువ్వు తిను. నాకు రేపు మూడింటిదాకా నీళ్ళు కూడా లేవు. నాన్న పద్ధతి నీకు తెలుసుగా."

అప్పుడు తెలిసింది. తెల్లవారితే మంచి శుక్రవారం, గుడ్ ఫ్రైడే. ఇక్కడి క్యాలెండర్‌లో మంచి శుక్రవారం ఉండదు. అన్ని శుక్రవారాలూ ఒకే రంగు.

మా మామగారు ఉపదేశి. నరసాపురం దగ్గర వాళ్ళ ఊళ్ళో ఆ గురువారం రాత్రి సంఘమంతా గుడిలో మేలుకుని ఉండేది. మర్నాడు సిలువ మీద ఏసు పలికిన ఏడు మాటల్లో ఐదో మాట ఎప్పుడూ ఆయనదే, దాహం గురించి. అది చెప్పేదాకా గొంతు తడుపుకునేవాడు కాదు. ఈస్టర్ ముందరి శ్రమదినాల్లో ఆ ఇంట్లో తలలో పువ్వు పెట్టుకోరు, మొగుడూ పెళ్ళాలు ఒక మంచం మీద పడుకోరు. ఆ ఇంటి మనిషిని నేను ఈ తేదీకి రమ్మన్నాను.

"ఈ దేశంలో గుడి లేదు," అన్నాడు గుడారం తాడు బిగిస్తూ. "ఇన్నేళ్ళూ ఈ రాత్రి క్యాంపులో దుప్పటి ముసుగేసుకుని లోపల్లోపల పాడుకున్నాను. నువ్వు పదమూడు అన్నావు చూడు, నాకు నోట మాట రాలేదు. ఎవ్వరూ చెప్పకుండా నీకు గుర్తుందే అనుకున్నాను."

అప్పుడే చెప్పొచ్చు. డబ్బాకు మూత పెట్టి మళ్ళీ రెండు సంచుల్లో కట్టాను.

చీకటి పడ్డాక పాడాడు. గొంతు పైకి లేవకుండా పాడటం ఇక్కడ మా అందరికీ అలవాటే. రోడ్డు మీద కారు లైటు కనపడితే ఆపాడు. పోయాక, వదిలిన చోట అందుకున్నాడు. తర్వాత ప్రార్థన చేశాడు. ఊళ్ళోవాళ్ళ పేర్లు వచ్చాయి, గదిలో ఉండే వాళ్ళ పేర్లు వచ్చాయి, మాకు చోటిచ్చిన సౌదీ ముసలాయన కూడా వచ్చాడు. ఆఖరున నేను. ఇప్పుడు బిడ్డనడుగుతాడు అనుకున్నాను. "మణి ఈ రాత్రిని గుర్తుపెట్టుకుని నన్ను పిలిచింది ప్రభువా. ఈ మనిషికి మనసు నెమ్మది ఇయ్యి," అన్నాడు. అంతే. బిడ్డ మాట లేదు.

నాకు ఏడుపొచ్చింది. చలికి ముక్కు కారుతోందన్నాను. ఆయన స్వెటర్ విప్పి నా మీద కప్పాడు.

వాన లేదు. కోతులు లేవు. మర్యాదస్తులు లేరు. తేదీ సరైనదే. నేను గుడారం బయట ఆయన పక్కన కూర్చుని తెల్లవారేదాకా మేలుకుని ఉన్నాను. మంచి రాత్రి అది. ఇంకోలా రాయడం నాకు చేతకాదు.

పొద్దున బాట వెంట అంచుదాకా నడిచాం. ఆయన పెదవులు ఎండి పగిలాయి. నా సంచి నిండా నీళ్ళ సీసాలు. అంచు దగ్గర కూర్చున్నాక చెప్పాను.

"నాకు గుర్తులేదండి."

"ఏంటి?"

"మంచి శుక్రవారమని. నేను లెక్క వేసుకునే పిలిచాను."

అరిస్తే బాగుండేది. కింద మబ్బుల వైపు చూస్తూ ఉండిపోయాడు. మీసం మీద మంచు పట్టింది.

"ఆ లెక్కలో నేనెక్కడున్నాను మణీ?"

జవాబుంది.

"నీళ్ళు తాగండి," అన్నాను. నర్సుకు వచ్చే మాట అదే.

"మూడు కాలేదు," అన్నాడు.

మధ్యాహ్నం బస్సు. ఖాజా స్టాండులో దించాడు. ఎక్కేటప్పుడు ఒక సీసా చేతికిచ్చాను. తీసుకున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఫలితం: లేదు. కారణం:

ఏప్రిల్ 16

ఈస్టర్. నైట్ డ్యూటీ.

ఏప్రిల్ 23

ఫోన్ లేదు. యాన్బులో పనులు ఎక్కువగా ఉండే కాలం ఇది.

ఏప్రిల్ 25

ఫోన్ లేదు. పనులు ఎక్కువ.

ఏప్రిల్ 28, శుక్రవారం

ఆసుపత్రి పిక్నిక్. బస్సును మళ్ళీ సౌదా కొండకే తీసుకెళ్ళారు. పులిహోర. ఖాజా వచ్చి, "సారు రాలేదా మేడం?" అన్నాడు. పని ఉందన్నాను.

అందరూ తింటుంటే మేకల బాట పట్టి ఒక్కదాన్నే అంచుదాకా వెళ్ళాను. మేం కూర్చున్న చోట కూర్చున్నాను. జవాబు పైకి చెప్పి చూశాను, వినడానికి ఎవరూ లేరు కదా. పెళ్ళయిన ఏడాది ఆయన ముందుగా యాన్బు వచ్చేశాడు, నేను నరసాపురంలో వాళ్ళింట్లో ఉన్నాను. ఆయన లేని ఇంట్లో ఆయన నడకతో, ఆయన నవ్వుతో ఒక చిన్న మనిషి తిరుగుతుంటే ఎంత బాగుంటుందో అనుకున్నాను. నాకు బిడ్డ కావాలనిపించడం అలా మొదలైంది. లెక్క మొదలైందే ఆయన కోసం. ఎక్కడ ఆయన జారిపోయాడో చూసుకోలేదు. వార్డులో పేషెంటు పేరు పోయి బెడ్ నంబరు మిగిలినట్టు తేదీలు మిగిలాయి.

ఇంత మాట అంచు దగ్గర సులువుగా వచ్చింది. ఫోన్‌లో వస్తుందో రాదో.

ఆయన మీద బెంగగా ఉంది. ఇది నేను ఎప్పుడూ రాయలేదు.

మే 11, గురువారం

డ్యూటీ చేశాను. తేదీ వచ్చింది, పోయింది.

మే 14

డాక్టర్ సుల్తానా కారిడార్‌లో ఆపింది. "ఏమైంది? ఈ నెల కూడా వాతావరణమేనా?"

"కాదు డాక్టర్. నేనే పిలవలేదు."

ఆవిడ నన్ను చూసి, ఈసారి పక్క పేషెంటును వెంటనే పిలవలేదు.

"మరి ఎప్పుడు?"

"పిలుస్తాను. కానీ ఈసారి మీ లెక్క ప్రకారం కాదు."

"అయితే నా ఫీజు తగ్గిద్దువుగాని," అంది. నవ్వాను.

మే 16, మంగళవారం

గుడారం తీసి దులిపాను. కుట్లు చెక్కుచెదరలేదు. గోడ క్యాలెండర్‌లో మే 25 చుట్టూ గీత గీశాను. క్రిస్టీనా పళ్ళు తోముకుంటూ వచ్చి చూసింది. నాతో ఒకే గదిలో ఉండే నర్సుకు నా తేదీలు తెలియకుండా ఉండవు.

"అక్కా, అది తప్పు తేదీ కదా?"

"తప్పే."

"మరి?"

"తోముకో నువ్వు."

సాయంత్రం కార్డు కొని ఫోన్ చేశాను. క్యాంపులో ఎవరో ఎత్తి, రత్నరాజును పిలుస్తానన్నారు. ఆయన చెప్పుల చప్పుడు దగ్గరికి రావడం వినపడింది. ఎలా ఉన్నారంటే ఎలా ఉన్నావనుకున్నాం. ఎండలు ఎక్కువయ్యాయన్నాడు. ఇక్కడ చల్లగానే ఉందన్నాను.

"ఇరవై ఐదు గురువారం వస్తారా?"

మెట్టు ఉందో లేదో కాలితో తడుముకునే మనిషిలా అడిగాడు.

"ఆ రోజు ఏముంది?"

"ఏమీ లేదు."

"పండగా?"

"కాదు."

"మరి నీ లెక్క?"

"లెక్కలో ఆ రోజు లేదండి. మీరు రావాలని పిలుస్తున్నాను."

కార్డులో ఇంకో నిమిషమే ఉందని ఆడగొంతు ఒకటి అరబ్బీలో చెప్పింది. అంచు దగ్గర చెప్పుకున్నదంతా చెప్పాలనుకున్నాను. నిమిషంలో పట్టదు. కొండ మీద చెప్పుకోవచ్చు, అక్కడ టైముంటుంది.

"మణీ," అన్నాడు. "సావిడాయలు తేనా?"

కోతులు వస్తాయి. గుడారం మళ్ళీ చిరుగుతుంది. దారం ఇంకా మిగిలే ఉంది.

తెమ్మన్నాను.